అడుగుదాకా కొలవమన్న మనిషి

అంకుల్ పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను వన్-నార్త్ ఆఫీసుల పేటలో, మా కంపెనీ మీటింగు గదిలో, తెర మీద ఒక గ్రాఫు చూపిస్తూ నిలబడి ఉన్నాను. చేసింది ఆంటీ. "మీ అంకుల్ ఎల్లిపోనారమ్మా. ఇప్పుడే డాక్టరమ్మొచ్చి సెప్పీసింది," అన్నారు. వెంటనే ఆవిడే, అలవాటు కొద్దీ కాబోలు, "నువ్వు తిన్నావా?" అని అడిగారు. పదకొండు రోజులుగా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. తిరిగి రారని ఆయనకూ తెలుసు, ఆంటీకీ తెలుసు, నాకూ తెలుసు. అలా తెలిసి ఉండటం ఆ క్షణంలో దేనికీ పనికి రాలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. సెంబవాంగ్‌లో మా ఫ్లాట్ల బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద ఉండేవారు. శ్రీకాకుళం వైపు సముద్రపు పల్లె నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసులో వర్క్ పర్మిట్ మీద దేశం దాటి ఇక్కడి షిప్‌యార్డుకు వచ్చారు. ఓడల ట్యాంకుల్లో తుప్పు గీకే పనితో మొదలుపెట్టి, గాలి పరీక్షించే మనిషిగా రిటైరయ్యారు. ఓడ అడుగున ఉండే ట్యాంకుల్లోకి కూలీలు దిగేముందు, లోపలి గాలి పీల్చడానికి పనికొస్తుందో లేదో మీటరుతో చూసి చెప్పడం ఆ పని. ఆయన సరేనంటేనే మనుషులు దిగాలి. పిల్లలు లేరు. ఆంటీకి ఆయన, ఆయనకు ఆంటీ.

రెండేళ్ళ కిందట, నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోందని పరీక్షలో తేలింది. గంటకు ముప్పై ఎనిమిది సార్లు. నేను గురక పెడతానని ఇంట్లో అప్పటికే అందరికీ తెలుసు. మావారు పరుపు తీసుకుని హాల్లోకి మారిపోయారు. మా అమ్మాయి "అమ్మా, యూ సౌండ్ లైక్ ఎ బస్," అని నవ్వేది. ఆస్పత్రివాళ్ళు సీప్యాప్ మెషీను ఇచ్చారు. ముక్కుకు మాస్కు కట్టుకుని పడుకుంటే అది గాలిని ఒత్తిడితో లోపలికి పంపి, గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. పొద్దున లేవగానే తెర మీద అంకెలు చూపిస్తుంది. ఆ అంకెలే నన్ను కాల్చుకు తినేవి. ఒకరోజు ఆరు, మర్నాడు పద్నాలుగు, ఆ మర్నాడు తొమ్మిది. పగలంతా ఇతరుల కంపెనీల గ్రాఫులు చదివి చెప్పే ఉద్యోగం నాది. నా ఊపిరి గ్రాఫు మాత్రం నాకు అర్థం కాలేదు. మూడు వారాలు చూసి, ఇక తిరిగిచ్చేద్దాం అనుకున్న రోజు పొద్దున, లిఫ్టులో అంకుల్ నా చెంప వైపు చూశారు.

"ఆ గీత నానెరుగుదునమ్మా. మాస్కు పట్టీదే కదా?"

నేను సిగ్గుతో చెంప తడుముకున్నాను. ఆయన తన ముఖం పక్కకు తిప్పి చూపించారు. చెవి దగ్గర్నుంచి దవడ దాకా అలాంటి గీతే. "నాకు తొమ్మిదేళ్ళయింది. నంబరెంతొస్తంది?"

"ఇవాళ పద్నాలుగు అంకుల్. ఇది నాకు పనిచెయ్యట్లేదు. రిటర్న్ చేసేస్తున్నా."

"అంత బేగి ఒగ్గీకు. శనివారం పొద్దున్న కిందకి రా. మెషీన్లో చిన్న కార్డుంటాది సూడు, అది పట్టుకురా. లాప్‌టాపు కూడా."

అలా మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర నా చదువు మొదలైంది. ఆయన పంచదార లేని కోపీ, అంటే ఇక్కడి కాఫీ, ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకునేవారు. స్ట్రా నోట్లో పెట్టుకునే మాట్లాడేవారు. తెర మీద నేను గ్రాఫులు తెరవగానే నా వేలు నేరుగా ఆ పద్నాలుగు మీదకు పోయింది. గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు బాగా తగ్గిందో కలిపి చెప్పే అంకె అది. అయిదులోపు ఉండాలని నర్సు చెప్పింది.

"ముందు దాన్నొగ్గీ," అన్నారు. "లీకు సూడు."

మాస్కు అంచుల నుంచి గాలి ఎంత బయటికి పోతోందో చూపే గీత అది. పద్నాలుగు వచ్చిన రోజు ఆ గీత ఎక్కడికో లేచిపోయి ఉంది. "ఇంత గాలి పక్కనుంచి పోతంటే మెషీను ఏటి కొలుస్తాది? నీకేటవుతందో దానికే తెల్దు. లీకున్న రోజు చెడ్డ నంబరొచ్చినా నమ్మకు, మంచి నంబరొచ్చినా నమ్మకు."

ఆ తర్వాత ఏడు రోజులూ పక్కపక్కన పెట్టించారు. ఒక్క రోజుది చూసి ఏడవకూడదన్నారు. ఆ తర్వాత గీతను పెద్దది చేయించి, ఒక్కొక్క ఊపిరీ అలలా లేచి దిగడం చూపించారు. ఆగిన ఊపిరుల్లో రెండు రకాలుంటాయని అక్కడే తెలుసుకున్నాను. గొంతు మూసుకుపోయి ఆగినవి ఒకటి. గొంతు తెరిచే ఉన్నా, పీల్చే ప్రయత్నమే జరగక ఆగినవి రెండోది. కొత్తవాళ్ళకు ఈ రెండో రకం కొన్ని వచ్చి పోతాయట. ఎక్కువవుతూ పోతే మాత్రం డాక్టరు దగ్గరికి నడవాలట.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. ఆయన స్ట్రా నోట్లోంచి తీశారు.

"ట్యాంకు దగ్గర," అన్నారు. డార్మిటరీలో ఆయన పక్క మంచం మీద పడుకునే మనిషి, వాళ్ళ పక్క ఊరివాడు, ఒక ట్యాంకులోకి దిగి మళ్ళీ ఎక్కి రాలేదు. అప్పటికి అంకుల్ ఇంకా తుప్పు గీకే కూలీయే. మీటరు పట్టుకున్న వేరే మనిషి మూత దగ్గర కొలిచి, బాగుందని చెప్పాడు. మూత దగ్గర బాగానే ఉంది. అడుగున లేదు. "ఆ మీటరు అబద్ధం సెప్పలేదమ్మా. ఎక్కడ పెడితే అక్కడిదే సెప్తాది. అడుగున ఎవడూ పెట్టలేదు." ఆ తర్వాత ఆయన పట్టుబట్టి ఆ పనే నేర్చుకున్నారు. పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి. ఎంత తొందర పెట్టినా మూడుసార్లూ కొలవకుండా ఎవర్నీ దించలేదట.

మాస్కు సైజు మార్చుకున్నాను. పట్టీలు మరీ బిగించడం మానేశాను. ఆరు వారాలకు నా అంకె రెండుకు దిగింది. ఒక ఉదయం తలనొప్పి లేకుండా లేచాను. అలా లేచి ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకోలేక, మంచం మీదే కూర్చుని ఏడ్చాను. ఆ సంగతి చెబితే ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు. సాయంత్రం ఆంటీ చేత చేపల పులుసు పంపించారు.

నాకు చేసిన మేలుకు నేనేం చేశానో ఇప్పుడు రాయాలి.

పోయిన ఏడాది ఆయన కళ్ళకు శుక్లాలు ముదిరాయి. చిన్న గీతలు ఆనడం లేదని, తన కార్డు కూడా నన్నే చూడమన్నారు. శనివారం పొద్దున నావి, తర్వాత ఆయనవి. మొదట్లో అన్నీ బాగుండేవి. తర్వాత మెల్లగా అంకె పెరగడం మొదలైంది. నాలుగు, ఏడు, పదకొండు. నేను గీతను పెద్దది చేసి చూశాను. ఊపిరులు చిన్నగా మొదలై, పెద్దవై, మళ్ళీ చిన్నవై, పూర్తిగా ఆగిపోతున్నాయి. మళ్ళీ మొదలవుతున్నాయి. వరసగా, గంటల తరబడి, అదే తీరు. ఆగినవన్నీ రెండో రకమే.

"ఏటమ్మా అది?" అని అడిగారు.

"మాస్కు లీకు అంకుల్. కుషన్ పాతబడింది. మార్చేస్తే సరిపోతుంది," అన్నాను.

లీకు కొంచెం ఉన్నమాట నిజమే. కానీ అది కారణం కాదని నాకు అనుమానం ఉంది. ఎదురుగా ఆంటీ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. అడుగున ఉన్నది చూసి కూడా, మూత దగ్గరున్నది చెప్పాను. కుషన్ మార్చారు. అంకె తగ్గలేదు. ఇంకో వారం చూద్దామన్నాను. అలా ఆరు వారాలు. ఆరో వారం ఆయన చెప్పుల పట్టీలు వాచిన పాదాలకు పట్టక వదులు చేసుకోవడం కనిపించింది. అప్పుడు నేనే క్లినిక్‌కు తీసుకెళ్ళాను.

గుండె పెద్దదైపోయింది, రక్తాన్ని సరిగ్గా తోయలేకపోతోంది అన్నారు. ఊపిరి తీరు మారింది అందువల్లేనట. ఈ మెషీను దానికి మందు కాదట. మందులు రాశారు, ఉప్పు మానమన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు. డాక్టరమ్మ మంచిది. ఏదీ దాచలేదు. ముందే వచ్చి ఉంటే అని నేను విడిగా అడిగితే, "ఆరు వారాల వల్ల పెద్ద తేడా ఉండేది కాదు," అంది. ఆ మాట నిజమో, నా ముఖం చూసి అన్నదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు. మందులు మార్చారు, పెంచారు, తగ్గించారు. మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం తక్కువ మనిషిగా వచ్చారు. రాతిబల్ల దాకా కూడా దిగలేక, చివర్లో నేనే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. కార్డు చూడమనేవారు. చూసి ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఇరవై రెండు. ఇరవై ఆరు. ఆయన తల ఊపేవారు. ఆ తర్వాత నా నంబరు అడిగేవారు. ఒకటిన్నర అని తెర వైపు చూస్తూ చెప్పేదాన్ని.

చివరిసారి ఆస్పత్రిలో చేరిన రెండో రోజు, ఆంటీ ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, ఆ ఆరు వారాల సంగతి ఆయనకు చెప్పేశాను.

"తెలుసమ్మా," అన్నారు. "నీ ముఖం సూసినానుగా. అంతకు ముందే మూడు దిండ్లు లేపోతే ఊపిరాడక పడుకోలేకపోయీవోణ్ణి. మీ ఆంటీకి సెప్పొద్దనుకున్నాను. నువ్వు లీకన్నావు, నాకూ అదే బాగున్నట్టనిపించింది."

"నేను అడుగుదాకా కొలిచి కూడా చెప్పలేదు అంకుల్."

ఆయన కళ్ళు మూసుకున్నారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవలసి వస్తోంది. "ట్యాంకులో గాలి బాలేదంటే, మనిషిని దించకుండా ఆపొచ్చు. ఇది నాలోనే ఉంది. కొలిచి ఎవర్నాపుతాం సెప్పు?"

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి వద్దన్నారు. క్షమించానని అనలేదు. తప్పు నీది కాదనీ అనలేదు. "నువ్వు మాత్రం మాస్కు ఒగ్గీకు," అన్నారు. మర్నాటి నుంచి మగతలోనే ఉండిపోయారు; నాతో ఆడిన ఆఖరి మాట అదే.

మండాయ్ శ్మశానవాటికకు షిప్‌యార్డు నుంచి పదిమంది దాకా వచ్చారు. సగం రోజు సెలవు పెట్టుకుని, పని బూట్లతోనే వచ్చారు. అందరూ ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. వ్యానుకు టైమైందని వెళ్ళిపోయారు.

పన్నెండో రోజు దాటాక, ఒక పొద్దున ఆంటీ రమ్మన్నారు. మెషీను ఇంకా మంచం పక్కనే ఉంది. "అందులో మీ అంకుల్ది ఏదో ఉంటాదంటావు కదా. నాకూ సూపించమ్మా," అన్నారు. ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తెర వైపు చూడలేదు.

ఆంబులెన్సు వచ్చి ఆయన్ను చివరిసారి తీసుకెళ్ళిన రోజు గ్రాఫు తెరిచాను. అంకెలన్నీ పక్కకు జరిపి ఊపిరి గీత ఒక్కటే పెద్దది చేశాను. ఆంటీ చూపుడు వేలు తెర మీద పెట్టి, ఎడమ నుంచి మెల్లగా జరపసాగారు. "ఇది ఊపిరా? ఇదీ ఊపిరేనా?" ప్రతిదానికీ అవునన్నాను. గీత చదునుగా ఉన్నచోట వేలు ఆగేది. మళ్ళీ అల లేచేదాకా ఆవిడా ఊపిరి బిగబట్టేవారు. అలా చాలాసేపు జరిగాక గీత ఒక్కసారిగా తెగిపోయింది.

"ఇక్కడేనా పోనారు?"

"కాదాంటీ. ఇక్కడ మాస్కు తీసేశారు. మిమ్మల్ని లేపారు."

ఆవిడ తలూపారు. వేలు మాత్రం తియ్యలేదు. దానికి కుడివైపు తెరంతా తెల్లగా ఉంది.