మళ్ళీ రండి అన్న పాపానికి

మొన్న మా వియ్యపురాలిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తుంటే, మా మనవరాలు అక్కడి నర్సుకి చెయ్యి ఊపుతూ మళ్ళీ వస్తాం ఆంటీ అంది. కోడలు గబుక్కున దాని నోరు మూసింది. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆసుపత్రి గుమ్మంలో ఆ మాట అనకూడదని నేను నేర్చుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంటుగా చేరాను. పేరు అంత పొడుగు గానీ అందరి నోటా ఆయానే. పక్కలు మార్చడం, బెడ్‌పాన్లు పెట్టి తీయడం, లేవలేనివాళ్ళకి ఒళ్ళు తుడవడం, సిస్టరుగారు కట్టు కడుతుంటే కాలో చెయ్యో కదలకుండా పట్టుకోవడం నా పని. మా అత్తగారు నన్ను పెరట్లో స్నానం చేశాకే వంటింట్లోకి రానిచ్చేవారు. ఎవరైనా అడిగితే కోడలికి ఆసుపత్రిలో ఉద్యోగమని చెప్పి, ఏ ఉద్యోగమో మాత్రం మింగేసేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ చిన్నతనంగానే ఉండేది. మరేదైనా దొరికితే మానేద్దామని చూస్తుండేదాన్ని.

అప్పుడే పెనుగొండ వైపు పల్లెటూరి నుంచి మా అమ్మ వయసావిడ ఒకరు కాలి పుండుతో చేరారు. షుగరు మనిషి. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మూడు వారాలు రోజూ ఆవిడ కాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కట్టు విప్పుతుంటే నొప్పి మరిచిపోవడానికి ఆవిడ తన దొడ్లో పనసచెట్టు సంగతులూ, పెద్దల్లుడి పిసినారితనమూ చెబుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. పుండు మానుముఖం పట్టి ఇంటికి వెళ్ళే రోజు కారు దాకా నడిపించుకెళ్ళి, చుట్టాల్ని సాగనంపినట్టే, అలవాటు కొద్దీ మళ్ళీ రండి పిన్నిగారూ అనేశాను. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి గుమ్మం దిగే మనిషితో ఆ మాట అనకపోతే నోరు ఊరుకోదని మన ఈడువాళ్ళకి నేను చెప్పాలా! ఆవిడ కూతురి మొహం మాడిపోయింది. పిన్నిగారు మాత్రం, "రమ్మంటే రాకుండా ఉంటానేంటమ్మాయ్!" అని నవ్వుకుంటూ కారెక్కారు.

నెల తిరక్కుండా తిరిగొచ్చారు, స్ట్రెచరు మీద. పాదం నల్లబడి విషం పైకి పాకిపోయింది. కాలు తీసేయాలనీ, కానీ ఆవిడ గుండె ఆపరేషనుకి తట్టుకోదనీ డాక్టరుగారు చెప్పేశారు. నేను ఆ గది వైపు వెళ్ళలేకపోయాను. తోటి ఆయాను బతిమాలి పై అంతస్తుకు డ్యూటీ మార్చుకుని రెండు రోజులు మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. పెద్ద సిస్టరుగారు చూసి, సంగతి కనుక్కుని, "నీ నోటికి అంత మహిమే ఉంటే, అందరినీ లేచి నడవమని పుణ్యం కట్టుకోవచ్చుగా! పద, ఆవిడ నిన్నే అడుగుతున్నారు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు.

నన్ను చూడగానే పిన్నిగారు కోప్పడ్డారు. "రమ్మన్నదానివి, వచ్చాక మొహం చాటేస్తావేంటి? మా ఊరికి తణుకే దగ్గరని మావాళ్ళు అక్కడే చూపిద్దామన్నారు. అక్కడ నాకెవరు తెలుసు? నువ్వు పిలిచావు కదాని పట్టుబట్టి ఇక్కడికి తెమ్మన్నాను."

నేను అపశకునమనుకుని ఏడ్చిన మాటని ఆవిడ పిలుపుగానే తీసుకున్నారు. ఆ కాలితో అంత దూరం కుదుపుల్లో వచ్చింది నా మాట వల్లే కదా అన్న బాధ మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ పుండు వాసనకి ఇంటివాళ్ళే గుమ్మం దగ్గర నిలబడిపోతే, నేను ఒళ్ళు తుడిచి, తల దువ్వి, మునుపటిలాగే కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఐదో రోజు పొద్దున్న దూదితో పెదాలు తడుపుతుంటే నా వేళ్ళు పట్టుకుని వెళ్ళొస్తానమ్మా అన్నారు. మనవైపు ఎవరూ వెళ్తానని అనరు కదా. దానికి బదులుగా మంచిదండి, రండి అనాలి. నేను రండి అనకుండా, రెండో చేత్తో ఆవిడ తల నిమిరాను. మధ్యాహ్నానికి పోయారు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు అదే పని చేశాను. మానేద్దామన్న ఆలోచన మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేనూ షుగరు మనిషినే. ఆసుపత్రులు చల్లగా, అద్దంలా ఉంటున్నాయి. పిల్లలు చేతులకి తొడుగులు వేసుకుని ఎంతో నేర్పుగా పనిచేస్తారు, వాళ్ళని ఒక్క మాట అనను. కాకపోతే పూటకొకరు మారిపోతారు. పేరు కనుక్కునేలోపు ఇంకొకరు వస్తారు. నాకూ ఒకరోజు మంచం పట్టక తప్పదు. అప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళమంటావమ్మా అని మా వాళ్ళు అడిగితే, ఫలానా చోటికని పట్టుబట్టడానికి నన్ను రమ్మన్నవాళ్ళు ఎక్కడా లేరు.