కారులో మిగిలిన డాక్టరుగారి వాసన

మొన్న బీచ్ రోడ్డు మలుపులో ఒక కొత్త ఫ్లెక్సీ కనబడింది. వాడిన లగ్జరీ కార్లు అమ్ముతారట. నాకు చదువు యాభై దాటాక వచ్చింది, రాత్రి బడిలో. అప్పటినుంచి ఊళ్లో ఏ గోడ మీద ఏం రాసున్నా చదవకుండా దాటలేను. బస్సు వెళ్లిపోయినా సరే, చివరి అక్షరం కూడబలుక్కుని గాని కదలను. ఆ ఫ్లెక్సీ మీద తెల్ల కారు బొమ్మ, దాని పక్కన నల్ల కళ్లద్దాల మనిషి, కింద పెద్ద అక్షరాలతో 'యజమాని ఒక్కరే, డాక్టరుగారి బండి' అని ఉంది. నడిరోడ్డు మీద గట్టిగా నవ్వేశాను. పక్కన నిలబడ్డ ఆవిడ కాస్త అవతలికి జరిగింది. జరగనీ. చేపలమ్ముకుని బతికినదాన్ని, మనుషులు నా పక్కనుంచి జరగడం నాకు కొత్త కాదు.

మా బావ, అంటే మా అప్ప మొగుడు, కొన్నది కూడా డాక్టరుగారి బండే. మా పేటలో అక్కను అప్ప అంటాం. ఈ దేశంలో అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లవే, అన్నీ ఆదివారాలు మాత్రమే బయటికి తీసినవే. తక్కినవాళ్ల కార్లు ఏమైపోతాయో, కాటికి వెంట పట్టుకుపోతారో ఏమో నాకు తెలియదు. ఫిషింగ్ హార్బరులో మా బావకు సొంత బోటు ఉండేది. ఒక ఏడు రొయ్య బాగా పడింది. రొయ్య పడితే ఎవరైనా ఇంటికి స్లాబు వేయించుకుంటారు. ఈయన బ్రోకరును వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లి జర్మనీ కారు తెచ్చాడు. తెల్లది, పొడుగ్గా ఉంటుంది, పైకప్పులో అద్దాల కిటికీ. మా పేట సందులు ఎంతంటే, ఎదురుగా గంప వస్తే మనం గోడకు అతుక్కోవాలి. అందుకని సందు బయట, వలలు ఆరబెట్టే చోట, రేకుల పాక వేయించి అందులో పెట్టాడు. తెల్లారేసరికి పోర్టు వైపునుంచి బొగ్గు ధూళి వచ్చి దానిమీద కూర్చునేది. ఆయన లుంగీ ఎగ్గట్టి మెత్తని గుడ్డతో తుడిచేవాడు. కన్నపిల్లల ముక్కు ఒకనాడు తుడిచిన మనిషి కాదు.

బయటి తెలుపు కంటే లోపలి వాసన మీద ఆయనకు మోజెక్కువ. ఆ డాక్టరెవరో ఏ సెంటు పూసుకునేవాడో గాని, తోలు సీట్లలో అది ఇంకిపోయి ఉంది. తలుపు తీస్తే చల్లగా, తియ్యగా, కొంచెం మందుల షాపులాగా వచ్చేది. బంధువులు చూడ్డానికొస్తే బావ గుడిలో గర్భగుడి తలుపు తీసినట్టు తీసి, "ఒక్కొక్కలే తలెట్టండి. పీల్సుకోండి. లోపల మాత్రం ఊపిరొదలకండి" అనేవాడు. పీల్చుకుని, బుగ్గలు పొంగించుకుని, బయటికొచ్చి వదిలిన పెద్దమనుషులను నేను కళ్లారా చూశాను.

"ఎలాగుందే మరదలా బండి?" అని నన్నడిగాడు.

"బండికేటి బావా, దొరసానిలాగుంది. పక్కన నువ్వే బాగోలేవు" అన్నాను.

"వాసన సూసినావేటి? డబ్బున్నోళ్ల వాసనే అది! కొత్త బండి కొంటే అది రాదు. ఒకడు బతికి వొదిలీసిందే రావాల."

మా అప్ప ఆ పక్కనే ఉంది. ఆమె కోరిక నాకొక్కదానికే తెలుసు. పెళ్లయిన నాటినుంచి హార్బరులో చేప కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని, కొండ మీది ఆఫీసర్ల కాలనీకి నడిచి వెళ్లి అమ్మేది. బోటుకు మొదటి ఇంజను ఆ గంపలోంచే వచ్చింది. ఆటోవాడు ఆపేవాడు కాదు. ఆపినవాడు గంప చూసి, "ఎల్లెల్లమ్మా, తరవాత బేరాలు ఎక్కవు" అని గేరు మార్చేవాడు. ఇక ఆ కాలనీలో ఆడవాళ్లు బేరం బాగానే చేసేవారు, చేప బాగానే తినేవారు. గంప దింపిన చోట మాత్రం, అప్ప ఇంకా గేటు దాటకముందే, పనిమనిషి చేత బకెట్టుతో నీళ్లు కొట్టించేవారు. అప్ప వెనక్కి చూసేది కాదు. నీళ్ల చప్పుడు వినేది. బావ కారు కొన్ననాడు నా చెవిలో, "ఒలే, ఒక్కసారి ఆ ఈదిలో ఈ కార్లోంచి దిగాలే. ఏటీ అమ్మక్కర్లేదు. ఊరికే దిగి నిలబడతాను. సూస్తారు గదా" అంది. అంతే. నగ అడగలేదు, చీర అడగలేదు. దిగుతానంది.

కొత్త బండ్లకు పూజ చేసే వినాయకుడి గుడికి కారును తీసుకెళ్లిన రోజు మొదలైంది అసలు సంగతి. కొబ్బరికాయ, పూలు, హారతిపళ్లెం అన్నీ అప్పే సర్దింది. తీరా ఎక్కబోతే, బావ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు బస్సులో వొచ్చీ. తోలు సీట్లే, కంపట్టీస్తాయి." ఆమె సిటీ బస్సెక్కి వెళ్లింది. హారతిచ్చింది. దిష్టి తీసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన వాటిని తొక్కించి, హారను కొట్టి, వెళ్లిపోయాడు. ఆమె కొబ్బరి చిప్పలు కొంగున కట్టుకుని మళ్లీ బస్సు స్టాపులో నిలబడింది. పోనీ ఆయనగారి ఒంటినుంచేమైనా మల్లెలు రాలేవా అంటే, బోటు మనిషి, పక్కనుంచి వెళితే పిల్లులు వెంటపడేవి. అదే అన్నాను మొహం మీద. "నాది డీజిలు వాసనే. అది మగోడికుంటాది" అన్నాడు.

అప్ప గంప మానేసింది. ఆ కారెక్కడం కోసం. చింతపండుతో చేతులు రుద్దుకునేది, నిమ్మడిప్పలతో రుద్దుకునేది, ఆస్పత్రి సబ్బుతో రుద్దుకునేది. తెల్లారి కారు పాక దగ్గరికెళ్లి రెండు చేతులూ చాచేది. బావ కుర్చీలో కూర్చుని, వేలంలో చేప చూసినట్టు అటూ ఇటూ తిప్పి వాసన చూసేవాడు. అక్కడ వలలు కుట్టేవాళ్లు పని ఆపి చూసేవారు. "గోళ్ల కింద ఉందే" అనేవాడు. ఆమె గోళ్లు నెత్తురొచ్చేదాకా తీసింది. "జుట్టులో ఉందే" అన్నాడు. వలలవాళ్లు నవ్వారు. "బావా, పొలుసులు కూడా ఉన్నాయేమో సూడు" అన్నాడు వాళ్లలో ఒకడు.

అప్ప మర్నాడు ఎవరికీ చెప్పకుండా సింహాచలం వెళ్లి తల నీలాలిచ్చేసింది. మొక్కు అంది. ఏ మొక్కూ లేదు, నాకు తెలియదా? బోడి గుండుకు గంధం పట్టించుకుని, ఉతికిన చీర కట్టుకుని, నేరుగా కారు దగ్గరికొచ్చి నిలబడింది. ఆ పూట ఆమె దగ్గర దేవుడి వాసన తప్ప మరేదీ లేదు. ఆవిడను చూసి వలలవాళ్లు కూడా తలలు దించుకుని వల కుట్టుకున్నారు. బావ లేచాడు. తల దగ్గర ముక్కు పెట్టి, రెండుసార్లు బాగా పీల్చాడు.

"సేపల కంపు లేదు" అన్నాడు.

అప్ప తలుపు మీద చెయ్యి వేసింది.

"గంధం వాసనొస్తంది గదే. లోపల డాక్టరుగారి వాసన సెడిపోద్ది. ఇది పోయినాక సూద్దాం."

మర్నాటినుంచి అప్ప గంప ఎత్తుకుంది. బోడి గుండు మీద గంప కింది చుట్టకుదురు నిలవక జారిపోతుంటే, చేత్తో పట్టుకుని నడిచేది.

దేవుడు ఉన్నాడో లేడో నేను చెప్పలేను గాని, వేసవి ఉంది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సర్కారు వేట ఆపేస్తుంది. బోట్లన్నీ ఒడ్డుకెక్కిస్తారు. అడుగుకు అంటుకున్న గుల్లలు గీకి, సందులన్నీ మూసి, తారూ రంగూ పూస్తారు. సముద్రం గాలికి కార్ల అడుగు తుప్పు పడుతుందని బావతో ఎవరో అన్నారు. ఆయన ఇంకొకరిని అడగలేదు. బోటు పక్కనే కారునూ దుంగల మీదికెక్కించి, అదే మనుషుల చేత అడుగంతా గీకించి, ఎక్కడ చిన్న కన్నం కనబడినా బోటు సందుల్లో పెట్టే ముద్దే కూరించి, రెండు పూతలు తారు వేయించాడు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పనితనం అంటే అది. చుక్క నీరు దూరేది కాదు.

వానలు పట్టాక రేకుల పాక గాలికి లేచిపోయింది. కారు మూడు రోజుల ముసురులో తడిసింది. ముసురు తగ్గాక బావ తలుపు తీసేసరికి, లోపల్నుంచి నీళ్లు ఆయన కాళ్ల మీదికి దూకాయి. వెనకాలే వాసన వచ్చింది. కుళ్లిన తోలు, కుళ్లిన బట్ట, దాని అడుగున ఎక్కడో ఇంకా ఆ డాక్టరుగారి సెంటు. ఎండు చేపలు ఆరబెట్టే మా పేటలో జనం ముక్కులు మూసుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడ్డం.

మెకానిక్కు వచ్చి కిందికి దూరి, తారు చేత్తో గీకి చూసి బయటికొచ్చాడు. "బావా, పై కిటికీ సందులోంచి దిగిన నీల్లు కిందికి పోడానికి కంపెనీవోడు కన్నాలెట్టాడు. ఏసీ నీల్లు పోయే గొట్టం కూడా ఉంది. నువ్వన్నీ మూసీసినావు. వైర్లూ డబ్బాలూ సీట్ల కిందే ఉంటాయి. అన్నీ పోయినాయి."

"కన్నాలుంటే ములిగిపోదేట్రా?" అన్నాడు బావ.

"రోడ్డు మీదెలాగ ములుగుద్ది బావా?"

నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది, దాచుకోను.

ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అప్ప కారులో ఉంది. మొదటిసారి. మోకాళ్ల మీద వంగి, చింతపండు గిన్నె, నిమ్మడిప్పలు, సబ్బు ముక్క పక్కన పెట్టుకుని సీట్లు తోముతోంది. బావ బయట కుర్చీలో కూర్చుని, "మూలల్లో ఉందే, మూలల్లో తోము" అని చెబుతున్నాడు. అప్పుడప్పుడే మొలుస్తున్న తలమీదినుంచి చెమట కారి సీటు మీద పడుతుంటే, ఆమె దాన్నీ తుడిచేస్తోంది. నన్ను చూసి గొంతు తగ్గించి, "ఒలే, ఎంత మెత్తగున్నాయే" అంది. అరచెయ్యి సీటు మీద నొక్కి, తీసి, మళ్లీ నొక్కింది.

"అయితే ఓపాలి కూకోవే" అన్నాను.

"సీర తడిగుందే" అంది.

ఆ వాసన పోలేదు. పాత ఇనుము కొనేవాడు దానిని గొలుసులేసి లాక్కుపోయాడు. బావ సందు మొదట్లో అది కనుమరుగయ్యేదాకా నిలబడి, ఇంట్లోకొచ్చి అప్పతో అన్న మాట నేను విన్నాను. "నువ్వు దాని సుట్టూ తిరిగినావు గదే, దిష్టి తగిలీసింది." అప్ప అన్నం వడ్డించింది. ఆయన తిన్నాడు. తరవాత కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఆఖరి వరకూ ఆ బండి సంగతి ఎవరెత్తినా, "అలాటి వాసన మల్లీ రాదు" అనేవాడు.

మొన్న చలికాలంలో అప్ప మోకాళ్లు చూపించడానికి ఆస్పత్రికి ఫోనులో కారు పిలిచాం. చిన్న కారే, అయినా ఏసీ ఉంది, సీటు మెత్తగానే ఉంది. వచ్చేటప్పుడు డ్రైవరుతో చెప్పి కొండ మీది కాలనీకి తిప్పించాను. అప్పకు చెప్పలేదు. మలుపు దగ్గర తానే గుర్తుపట్టి కొంగు సర్దుకుంది. జుట్టు చేత్తో దువ్వుకుంది. తీరా చూస్తే ఆ ఇళ్లేవీ లేవు. పెద్ద పెద్ద అపార్టుమెంట్లు, ముందు ఒక గేటు, గేటు దగ్గర యూనిఫారం వాచ్‌మన్. కారును చూసి సలాం కొట్టి, అద్దం దగ్గరికి వంగి, "ఎవరింటికమ్మా?" అని మర్యాదగానే అడిగాడు.

అప్ప నోరు తెరిచింది. ఆ వీధిలో ముప్పై ఏళ్లు చేపలమ్మింది గాని, ఎవరి పేరూ ఎవరూ చెప్పలేదు. కొనే చేపను బట్టి మాకు వాళ్లు వంజరమ్మగారు, చందువమ్మగారు, ఎప్పుడూ తలలు తీసిమ్మనే రొయ్యలమ్మగారు. వాచ్‌మన్ అలాగే వంగి ఉన్నాడు.

"ఎవులూ లేరు బాబూ" అంది అప్ప. నావైపు తిరిగి, "తిప్పీమనే బండి" అంది. దిగలేదు.

ఇంటికొచ్చేదాకా నేను వాళ్లందరినీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఎవరు పోయి ఉంటారు, ఎవరు కళ్లు కనబడక మంచంలో ఉంటారు, ఎవరు కొడుకు దగ్గర ఏ ఊళ్లో ఉంటారు. వాళ్ల మేలు కోరి కాదు. మనిషి మనసు పడ్డది దక్కాలంటే తాను బతికి ఉంటే చాలదని, చూసి కుళ్లుకోవలసినవాళ్లు కూడా అప్పటిదాకా బతికి ఉండాలని, కాలం వాళ్లనే ముందు ఏరుకుపోతుందని, ఇంత వయసొచ్చాక నాకు తెలిసింది.