డాక్టరమ్మ విన్న మాట

మేము రాయ్‌పూర్ గుఢియారీ పేటలో ఉండేటప్పుడు, ఆరేళ్ల మా సుజాత ఇంట్లో గలగలా మాట్లాడేది గానీ బళ్లో నోరు విప్పేది కాదు. పిల్లల మనసు చూసే డాక్టరు దగ్గర చీటీ తేకపోతే పేరు కొట్టేస్తామన్నారు బడివాళ్లు.

డాక్టరమ్మకు తెలుగు రాదు. ఆవిడ హిందీలో ఏమడిగినా సుజాత తల ఎత్తలేదు. "చెప్పమ్మా, చెప్పు, చెప్పు" అంటూ దాని భుజం కుదిపాను.

"మీరే చుప్, చుప్ అని నోరు మూయిస్తుంటే బచ్చీ ఎలా మాట్లాడుతుంది?" అని ఆవిడ హిందీలో నన్ను గదమాయించింది.

సుజాత చటుక్కున తలెత్తింది.

"చుప్ నహీ. చెప్పు. చెప్పు మానే బోలో," అని ఆవిడకు హిందీలో అర్థం చెప్పింది విసుగ్గా.

బయటివాళ్లతో అది మాట్లాడటం అదే మొదలు. డాక్టరమ్మ చీటీ రాసిచ్చి, వారం వారం తీసుకురమ్మంది.

జీవితంలో చాలా తిట్లు తిన్నాను. ఆ ఒక్కటి మాత్రం నా కూతురు పడనివ్వలేదు.