అప్పలరమణ కూత

అప్పలరమణ కబడ్డీలో కూతకెళ్తే అవతలి జట్టే కాదు, గట్టు మీద మేస్తున్న గేదెలు కూడా నాలుగడుగులు వెనక్కి జరిగేవని బుచ్చయ్యపేటలో చెబుతారు. ఒకసారి ఎలమంచిలి టోర్నమెంటులో గుక్క పట్టేడంటే, స్టేషన్లో కదిలిన పాసింజరు తుని చేరేదాకా వదల్లేదు. నమ్మనివాళ్ళు తుని వెళ్ళి అడగొచ్చు.

అలాంటివాడు ఇరవైనాలుగేళ్ళకే వంగి మేజోడు తొడుక్కోలేకపోయేడు. ఎడమకాలు ముడిస్తే తుంటి లోపల ఏదో అడ్డుపడేది, తలుపు సందులో ఇరుక్కున్న రాయిలాగ. గజ్జల్లో నరం పట్టిందన్నారు. రెండేళ్ళు వేడి ఇటిక కాపడం పెట్టించుకున్నాడు. కోచ్ చంద్రమౌళి మాస్టారు ఒళ్ళు వంగడం లేదని రోజూ రెండొందల గుంజీళ్ళు తీయించేడు. ఆ గుంజీళ్ళే కీలు లోపలి మెత్తటి అంచుని నమిలేసేయని అనకాపల్లి ఆస్పత్రిలో తెలిసింది.

"తొడ ఎముక తల మీద బొడిపె కట్టింది," అంది డాక్టర్ శాంతికుమారి, ఎక్స్‌రే చూపించి. "కాలు ముడిచినప్పుడల్లా తుంటి గూటి అంచుకి కొట్టుకుంటోంది. వెనకవైపుకీ పాకింది, చిన్న కన్నంలోంచి కెమెరాతో అందదు. కోసి, కీలు గూట్లోంచి బయటికి తీసి, చెక్కి మళ్ళీ పెట్టాలి."

"రైల్వే సెలక్షన్లు ఏడు నెలల్లో ఉన్నాయి మేడం. అది దాటితే నాకు వయసైపోద్ది."

"నడుస్తావు. ఆటకి మాటివ్వలేను."

బయటికొచ్చేక అక్క మొగుడు భీమన్న భుజం తట్టేడు. "ఎద్దుకి గిట్ట సెక్కినట్టే బావా. పన్లో పని నాడా కూడా కొట్టించీమందామేటి?"

"ఆట తప్ప నాకేటొచ్చు బావా? పదో తరగతే గట్టెక్కలేదు."



నడుముకి మత్తు సూది పొడిచేరు. నొప్పి లేదు గానీ తెర అవతల రంపం వినిపించింది, ఆ తరవాత ఉలి. అప్పలరమణ లోపల్లోపలే కూత మొదలెట్టేడు. కీలు తిరిగి గూట్లోకెళ్ళేదాకా గుక్క తెగకపోతే సెలక్షన్ తనదేనని తనతో తనే పందెం కట్టేడు. గంటన్నర పట్టేడని ఊళ్ళో ఇప్పుడు చెప్పుకుంటున్నారు. నిజానికి నిమిషం కూడా కాలేదు.

"ఊపిరి తీసుకో," అన్నాడు మత్తు డాక్టరు.

గుక్క తెగింది. ఉలి ఇంకా ఆగలేదు.

రెండు నెలలు చంకకర్రలు. ఆరో నెలలో డాక్టరు కాలు ముడిచి చూస్తే మోకాలు అడ్డులేకుండా ఛాతీ దాకా వచ్చింది. "బాగుంది. ఇంకో ఆర్నెల్లు బరిలోకి దిగకు. దిగితే ఈ కీలు మళ్ళీ నా చేతుల్లో ఉండదు," అంది.

సెలక్షన్ల రోజు పొద్దున్న అప్పలరమణ తనే వంగి మేజోళ్ళు తొడుక్కున్నాడు, రెండున్నరేళ్ళ తరవాత. బూట్ల తాళ్ళు బిగించేడు. భీమన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి బావా?"

"ఎక్కడికీ లేదు. కట్టడం వత్తాదో లేదో సూసేను."

విప్పేడు. మళ్ళీ కట్టేడు.