ఎనిమిది వారాలు తీసుకుంటుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పే పని నాది. అప్పటికి నాకు పదేళ్లు. పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాలుగేళ్ల వయసులో ఈ దేశం వచ్చాను కాబట్టి ఇంగ్లీషు బడిలో వచ్చింది, తెలుగు ఇంట్లో విన్నంత మేరకే మిగిలింది. చదవడం, రాయడం చాలా ఏళ్ల తర్వాత, పెళ్లయ్యాక, మా ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

ఆ చలికాలం మా నాయనమ్మ ఇంటిముందు మంచు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి వాకర్ ఇచ్చి పంపారు. మళ్లీ నడవాలంటే ప్రతి శనివారం ఫిజికల్ థెరపీకి వెళ్లాలన్నారు. ఆమెకు ఇన్సూరెన్స్ లేదు. అందుకని నాన్న శనివారాలు కూడా పనికి వెళ్లేవాడు. అమ్మకు ల్యాబ్‌లో ఆ రోజు డ్యూటీ. నాన్న పొద్దున్నే మా ఇద్దరినీ థెరపీ దగ్గర దింపి, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లేవాడు. ఈలోగా అక్కడి థెరపిస్టు చెప్పేది నాయనమ్మకు, నాయనమ్మ చెప్పేది ఆవిడకు నేను చెప్పాలి.

ఇంగ్లీషులో ఒక పనికి ఎంతసేపైనా, ఎంత ఖర్చయినా టేక్ అనే ఒక్క మాటతో చెప్పేయొచ్చు. తెలుగులో అలా కుదరదు. గంట పడుతుంది, వంద డాలర్లు అవుతాయి. నాకు ఈ తేడా తెలిసేది కాదు. అన్నిటికీ తీసుకుంటుంది అనేదాన్ని.

"నాయనమ్మా, ఈ ఎక్సర్‌సైజ్ ట్వెంటీ మినిట్స్ తీసుకుంటుంది."

"తీసుకుని ఏం చేస్తుందే? దాచుకుంటుందా?"

అంత నొప్పిలోనూ నవ్వేది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా ఆ థెరపిస్టు కూడా నవ్వేది. నాకు మాత్రం ఉక్రోషం వచ్చేది. అయినా వచ్చే వారం మళ్లీ అదే మాట అనేదాన్ని.

ఆ రోజుల్లోనే మా బడిలో వసంతకాలపు కచేరీకి పాటలు నేర్పుతున్నారు. అందులో రెండు లైన్లు నేనొక్కదాన్నే పాడాలి. ప్రాక్టీసు శనివారం ఉదయం. వరసగా రెండు మానేశాను. నెలాఖరులోపు రాకపోతే ఆ లైన్లు వేరే అమ్మాయికి ఇవ్వాల్సి వస్తుందని టీచర్ చెప్పింది. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ అనలేదు. కానీ నాన్న అన్నం తింటూ కునికిపాట్లు పడుతున్నప్పుడు, అమ్మ కోటు విప్పకుండానే స్టవ్ వెలిగిస్తున్నప్పుడు పాట గురించి ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

ఒక శనివారం థెరపిస్టు, ఇంకా ఎన్ని వారాలు రావాలో వచ్చేసారి చూసి చెబుతానంది. ఆ వారమంతా నేను ఒక వాక్యం తయారుచేసుకున్నాను. ఆవిడ ఎన్ని చెప్పినా సరే, నేను మాత్రం రెండు అని చెబుతాను. నాన్న ఫోన్ చేసి కనుక్కుంటాడన్న ఆలోచన కూడా రాలేదు. అమ్మ ఫోన్‌లో ఎవరితోనో "ఇంకెన్నాళ్లు పడుతుందో ఏమో" అనడం విని, ఆ మాట పట్టుకున్నాను. స్కూల్ బస్సులో కిటికీ వైపు తిరిగి, పెదాలు కదపకుండా అనుకుంటూ ఉండేదాన్ని.

ఆ శనివారం ఆవిడ నాయనమ్మను నడిపించి చూసి, ఇంకో ఎనిమిది వారాలు అంది. నేను వెంటనే తిరిగి చెప్పాను.

"నాయనమ్మా, ఇంకో రెండు వారాలు పడుతుందంట."

నాయనమ్మ నన్ను ఒకసారి చూసింది. థెరపిస్టుకు థాంక్యూ చెప్పింది. వాకర్ పట్టుకుని బయట కుర్చీల దాకా మెల్లగా వచ్చి కూర్చుంది. నాన్న రావడానికి ఇంకా టైముంది. పక్కన ఎవరూ లేరు.

"ఇందాక మాట భలే చక్కగా వచ్చిందే. ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేదు."

"నిజం చెప్పేటప్పుడు నీకు ఇంత మంచి తెలుగు ఎప్పుడూ రాలేదమ్మడూ."

ఎన్ని వారాలని మళ్లీ అడిగింది. ఎనిమిది అన్నాను. అప్పటికే ఏడుపొచ్చేసింది. తిడుతుందనుకున్నాను, నాన్నకు చెబుతుందనుకున్నాను. ఆమె ఒక మాట అడిగింది. నన్ను ఎప్పుడూ వెక్కిరించే ఆ తప్పు మాటనే ఈసారి నవ్వకుండా వాడింది.

"ఇది నీ దగ్గర ఏం తీసుకుంటోందే?"

పాట గురించి చెప్పాను. టీచర్ అన్నది చెప్పాను. ముక్కు తుడుచుకుంటూ సగం ఇంగ్లీషులోనే చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు, మొత్తం వింది. అప్పుడు ఆమె అన్న మాటల సారం ఇది. పడుతుంది అంటే వాన పడ్డట్టు ఉంటుంది, ఎవరికి ఏం పోయిందో ఎవరూ అడగరు. ఇన్ని వారాలుగా తన నడకకు ఎన్నాళ్లు పడుతుందా అనే తను చూసుకుంది. ఆ రోజుల్లో నావి కూడా ఉన్నాయని తోచలేదు. నేను ముందు నుంచీ సరిగానే చెబుతున్నానట, తనే నవ్వి వదిలేసిందట.

ఇక రావద్దులే అంటుందనుకున్నాను. అలా అనలేదు.

"ఎనిమిది వారాలూ నాకు కావాలే. నేను నడవకపోతే మీ అమ్మ ఉద్యోగం మానుకోవాలి. కాబట్టి నేను మాననమ్మా. కానీ నీ దగ్గర తీసుకుంటున్నానని నాకు తెలియాలి కదా. తెలిస్తే కొంతైనా వెనక్కి ఇస్తాను."

నాన్న వచ్చేలోపు నా చేత నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పించుకుంది. స్టాప్, పెయిన్, ఎగైన్, వాటర్. పెయిన్‌ని పేణ్ అని పలికేది. అది కాదంటే, నొప్పి నాది, నా ఇష్టం వచ్చినట్టు పలుకుతానంది. ఆ ఎనిమిది వారాల్లో నాలుగు తను ఒక్కతే వెళ్లింది. ఆ నాలుగుసార్లూ నాన్న మొదట నన్ను బడి దగ్గర దింపి, తర్వాత ఆమెను దింపేవాడు. అలా ఎందుకని నాన్న అడిగితే ఆమె ఏమని చెప్పిందో నాకు తెలియదు. అబద్ధం సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ రెండు లైన్లూ నాకు దక్కలేదు. నేను వెళ్లేసరికే వేరే అమ్మాయికి ఇచ్చేశారు. అందరిలో నిలబడి పాడాను. నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చి చివరిదాకా కూర్చుంది. అందులో నీ గొంతేదో తెలియలేదే అంది ఇంటికొచ్చాక.

ఇవన్నీ జరిగి ఎన్నో ఏళ్లయింది. మా ఆయన పోయి ఆరు నెలలైంది. అంతకు ముందు మూడేళ్లు మంచం. మొదటి ఏడాది చివర్లో ఒకరోజు ఆయన, నా వల్ల నీకేం పోతోందో చెప్పు అని అడిగాడు. ఏమీ లేదనడం తేలిక. చెప్పాను. నా నిద్ర పోతోంది, చదువుకోవడం పోతోంది, ఒక్కోసారి మీ మీద ప్రేమ కూడా పోతోంది అన్నాను. మర్నాడు వారానికి రెండు మధ్యాహ్నాలు నర్సును పెట్టించాడు. ఆ మధ్యాహ్నాల్లో నేను లైబ్రరీకి వెళ్లి ఏమీ చదవకుండా కూర్చునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు ఆయన దగ్గరికి రావాలనే అనిపించేది.

ఇప్పుడు చూడటానికి వచ్చినవాళ్లు దీనికి టైమ్ పడుతుందంటారు. పిల్లలైతే ఇట్ టేక్స్ టైమ్ అంటారు. రెండింటికీ తలాడిస్తాను. మాట్లాడే ఓపిక లేదు.

మా అమ్మాయి ప్రతి శనివారం నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వస్తుంది. ఫ్రిజ్ సర్దుతుంది, నా కాగితాలు చూస్తుంది, చీకటి పడ్డాక వెళ్తుంది. వచ్చిన మొదటిసారే, ఏం వదులుకుని వచ్చావని అడిగాను. "నథింగ్ అమ్మా, ఊరికే అలా అడగకు" అంది. రెండోసారీ అంతే. అడగడం మానలేదు. అయిదో వారం గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండా చెప్పింది. ఒకతను ఉన్నాడట. అతనికి సెలవు శనివారాలేనట.

వచ్చే శనివారం రావద్దన్నాను. కాసేపు వాదించింది, తర్వాత సరేనంది. ఆ శనివారం రాలేదు. పొద్దుటి నుంచి ఇంట్లో నేనొక్కదాన్నే. మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. రోజు చాలా పొడుగ్గా ఉంది. అది మా అమ్మాయి రోజు. ఈసారి నేను వెనక్కి ఇవ్వాల్సింది, ఇచ్చాను.