పిన్నికి అమ్మోరు రావడం మానేశాక

పోయిన నెల రాజాంలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న దూరపు అత్త పప్పన్నం కలుపుకుంటూ, "మీ పిన్నికిప్పుడు అమ్మోరు రాట్నేదట గదమ్మా, పాపం" అంది. పాపమట! నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లివారి మొహం చూసి నోరు కట్టేసుకున్నాను గానీ ఆ కోపం ఇప్పటికీ దిగలేదు.

మా అమ్మ చెల్లెలు పొందూరులో నూలు వడికేది. చేప దవడ పళ్లనే దువ్వెన చేసుకుని పత్తి దువ్వి, కంటికి ఆననంత సన్నగా తీసేది. కొన్ని వారాలు ఆమెకు నిద్రే ఉండేది కాదు. రాట్నం ఆగేది కాదు, మాట ఆగేది కాదు. ఎదురైన వాళ్లందరికీ జాతకాలు చెప్పేది, కట్టుకున్న చీర తప్ప అన్నీ పంచిపెట్టేది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంటే తల దువ్వుకోవడానికి కూడా లేచేది కాదు. ఏడాదికి ఐదారుసార్లు ఇదే వరస. ఊరు మొదటిదానికి అమ్మోరు పూనిందని పేరు పెట్టింది, రెండోదానికి ఒళ్లు బరువని. కాళ్లకు పసుపు రాసినవాళ్లే నెల తిరక్కుండా, తిని తొంగుంటాదని మూతులు తిప్పేవారు. నేనేం తక్కువదాన్ని కాదు. టీచరు ఉద్యోగం వస్తుందో రాదో చెప్పమని ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాను. వస్తుందంది. వచ్చింది కూడా, అదే నా ఖర్మ. ఆపైన ఇరవయ్యేళ్లు ఆమెను డాక్టరుకు చూపించాలన్న ఊహే నాకు రాలేదు.

చివరికి శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విన్నది. దీన్ని బైపోలార్ అంటారనీ, ఆ హుషారూ ఈ దిగులూ రెండూ ఒకే జబ్బనీ, పిన్నికి మరీ తరచుగా మారుతున్నాయి కాబట్టి తనను అడక్కుండా మందులు ఆపొద్దనీ చెప్పింది. మందు కుదరడానికి నెలలు పట్టింది. కుదిరాక పిన్ని రాత్రి పడుకుని పొద్దున్నే లేచింది. మీకిది చిన్న విషయంలా అనిపించొచ్చు. మా ఇంట్లో మాత్రం అది పండగ.

అంతలో ఊరి జాతర, అమ్మోరి సంబరం, వచ్చిపడింది. ఘటం ముందు పూనకంతో నడవడానికి ఊరికి పిన్ని కావాలి. పెద్దలు నలుగురు మా చిన్నాన్న దగ్గరకొచ్చి, "సంబరం అయ్యీదాకా ఆ బిల్లలు ఆపీ బావ. అమ్మోరికి మందులు పడవు" అన్నారు. చిన్నాన్న చెడ్డవాడు కాదు, భక్తుడు. డాక్టరమ్మే ఆపమందని పిన్నికి అబద్ధం చెప్పాడు. మూడు రోజులు ఆమె చెప్పుల్లేకుండా ఎగిరింది, అరికాళ్లు చిట్లాయి, జనం హారతులిచ్చారు. నెల తిరిగేసరికి మంచం పట్టి అన్నం మానేసింది. నాను బతికుండి ఏటి లాభమని ఒకటే మాట. హారతులిచ్చిన చేతుల్లో ఒక్కటైనా గ్లాసుడు గంజి తెచ్చిందా? పైగా ఇంట్లో ఏదో మైల జరిగిందట, అమ్మోరికి కోపమొచ్చిందట! మేమే వంతులేసుకుని కంటికి రెప్పలా కాచుకుని, మళ్లీ శ్రీకాకుళం తీసుకెళ్లాం.

పోయిన సంబరానికి ఆ పెద్దలు సిగ్గులేకుండా మళ్లీ వచ్చారు. చిన్నాన్న వాళ్లకు మంచం వాల్చాడు. పిన్నే గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని, వాళ్ల ఎదురుగానే బిళ్ల వేసుకుంది.

"మీకు అమ్మోరు కావాల. నాను ఎవులికీ అక్కర్నేదేటి?" అంది.

పిన్నికిప్పుడు యాభై ఎనిమిదేళ్లు. అందులో ముప్పయ్యేళ్లు ఊరు ఆమెను కొన్నాళ్లు మొక్కుతూ, కొన్నాళ్లు తిడుతూ వాడుకుంది. ఆ ముప్పయ్యేళ్లూ ఏ అమ్మోరు తెచ్చిస్తుంది?