ముడుపు కట్టిన ఏనుగు రూపాయి

ఏలూరు పవర్‌పేటలో కనకరత్నమాచారి కొట్టు మీదికి వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ కూడా వెండిలా మెత్తబడేది. కాలి పట్టీలు, మొలతాళ్ళు, దేవుళ్ళకు కళ్ళు, ఇదీ ఆయన పని. మనసు మాత్రం వెనక గదిలోని రేకుపెట్టెలో ఉండేది. పాత ముఖమల్ గుడ్డ మీద ఢిల్లీ దర్బారు వెండి పతకం, ముప్ఫై అయిదులో ఇంగ్లీషు రాజుగారి రజతోత్సవానికి వేసినది, ఆ తరవాతి రాజు పట్టాభిషేకానిది అక్కడ నిద్రపోతుండేవి. దర్బారు పతకం వెనక ఉన్నవి పారసీ అక్షరాలని చాలామందికి తెలియదు. ఆయనకూ చదవడం రాదు. కొల్లేటి నీటి మీద గాలి రాసి చెరిపేసే రాతలా ఉంటాయని మాత్రం వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు. తాడేపల్లిగూడెంలో ఎవరి దగ్గరో ఇంకో పతకం ఉందంటే రైలెక్కి వెళ్ళాడోసారి. తీరా చూస్తే అది గిల్టుది.

"కరిగించే చేతులకి ఈ దాచుకునే జబ్బేంటండీ?" అనేది భార్య వెంకటనరసమ్మ.

పెట్టెలో ఆయనకు లేనిదల్లా దర్బారు జరిగిన ఏడాది, పందొమ్మిది వందల పదకొండులో, వేసిన రూపాయి. రాజుగారి అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది అచ్చులో తొండం పొట్టిదై అది పందిలా కనబడింది. జనం పేచీ పెట్టారు. సర్కారు ఆ రూపాయల్ని వెనక్కి లాక్కుని, ఏనుగును సరిదిద్ది, మరుసటేడు మళ్ళీ వేసింది. చేతులు మారి బయట మిగిలినవాటిలో కొన్నిటిని కనకరత్నం తండ్రి ఈ కుంపట్లోనే కరిగించాడు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పటి నుంచి ఆ కరిగిపోయిన ఏనుగు ఆయన కలల్లో నడుస్తూనే ఉంది.

నయాపైసలు వచ్చిన ఏడాది, వానలకు ముందు, కొల్లేటికోట నుంచి పైడమ్మ, ఆమె మొగుడు భీమయ్య కొట్టుకు వచ్చారు. చేపలు పట్టుకు బతికేవాళ్ళు. వల దులుపుతుంటే జెల్ల చేప ముల్లు గుచ్చుకుని భీమయ్య ఎడమకన్ను పోయేలా ఉంది. దాని మీద తడిగుడ్డ కట్టి ఉంది.

పైడమ్మ కొంగున ఉన్న పసుపుగుడ్డ ముడి విప్పింది.

"ఈయన కన్ను నిలవాలని మా ఊరి పెద్దింటమ్మకి ముడుపు కట్టామండి. దీంతో అమ్మకి రెండు కళ్ళు చేసిపెట్టండి ఆచారిగారూ."

కనకరత్నం పసుపు తుడిచి రూపాయిని వెలుగులోకి తిప్పాడు. పదకొండో సంవత్సరం. అంగీ మీద పొట్టి తొండం.

"అమ్మా, దీని బదులు అంతకంటే మేలైన వెండితో చేస్తాను. ఇది నాకు ఉంచు."

"అదెలాగండీ? ముడి వేసిన రోజే అది అమ్మదైపోయింది. నాది కానిది మీకెలా ఇస్తాను?"

ఆయన ఆగలేకపోయాడు. ఈ రూపాయి ఎంత అరుదైనదో తెలిస్తే ఆమె మనసు మారుతుందనుకున్నాడు. రాజు, అంగీ, ఏనుగు, పంది, జనం పేచీ, మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాడు.

పైడమ్మ రెండు చేతులూ చెంపల మీద వేసుకుంది.

"పందా! అమ్మ ముడుపులో పందా! అందుకేనండీ ఈయన కన్ను నయం కానిది!"

"కాదమ్మా, ఏనుగే. అలా కనబడుతుందంతే."

భీమయ్య నాణేన్ని మంచికంటి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పందేనండి. మా వీధి చివర తిరిగేది అచ్చం ఇలాగే ఉంటుంది. ఒంటికన్నోణ్ణి నాకే తెలుస్తుంటే మీకు తెలవడం లేదేంటండీ?"

"పోనీ, అంత అపచారమైతే నా దగ్గర వదిలేసి వెళ్ళండి."

"అమ్మ సొమ్ము వదిలేస్తే రెండో కన్ను కూడా పోదా?" అంది పైడమ్మ. "నిప్పులో పడితే మైల పోతుందండి. నా కళ్ళ ముందే కరిగించండి. దండం పెడతాను."

ఆమె నిజంగానే దండం పెట్టింది. వలతాళ్ళకు కోసుకుపోయిన చేతులు. నోరు విప్పి ఆ రూపాయికి తనే కొరివి పెట్టినట్టయింది.

రూపాయిని మట్టిమూసలో వేసి కుంపట్లో పెట్టాడు. గొట్టంతో ఊదుతుంటే ఊపిరి తనది కానట్టుంది. ముందు అంచు మెత్తబడింది. కిరీటం ఒరిగింది. అంగీ మడతలు ఒకదాంట్లోకి ఒకటి ఒదిగిపోయాయి. ఆ చిన్న జంతువు ఏనుగో పందో తేల్చకుండానే మునిగిపోయి, మూసలో తెల్లని నీటిబొట్టు ఒకటి వణుకుతూ నిలిచింది.

సాయంత్రానికి రెండు కళ్ళు తయారయ్యాయి. పైడమ్మ వాటిని కళ్ళకద్దుకుని, భీమయ్య కట్టుకు తాకించి, అదే పసుపుగుడ్డలో మూటకట్టింది. మెట్టు దిగబోయి ఆగింది.

"మూసలో ఏమైనా అంటుకుందేమో చూడండి ఆచారిగారూ. అమ్మది ఇక్కడ మిగలకూడదు."

కనకరత్నం మూసను పగలగొట్టాడు. ఆవగింజంత వెండి దొరికింది. దాన్ని ఒక్క క్షణం వేలికొసన పట్టుకుని, ఆమె చాచిన అరచేతిలో వేశాడు.